జౌగడ లక్కకోట నిజమేనా? మహేంద్రగిరి మీద దీపాలేంటి?

ప్రశ్న: మాస్టారూ, మేం బరంపురం తెలుగువాళ్ళం. నేను డిగ్రీ చదువుతున్నాను. గంజాం, గజపతి జిల్లాల్లోని మిస్టరీల మీద తెలుగులో వీడియోలు చేద్దామనుకుంటున్నాను. జౌగడ కోటను నిజంగా లక్కతో కట్టారా? మహేంద్రగిరి మీద రాత్రిళ్ళు దీపాలు కనిపిస్తాయని, పరశురాముడు ఇంకా అక్కడే ఉన్నాడని అంటారు. ఎంతవరకు నమ్మొచ్చు? పాత కోటల్లో నిధులుంటాయా? మా ఫ్రెండుకి హాస్టల్లో రాత్రిపూట గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు అనిపించిందట. మా పెద్దమ్మ కొడుకు దయ్యాల్ని పట్టే మీటరు కొన్నాడు, రాత్రి వెళ్దామంటున్నాడు. మా మామయ్య మాత్రం ఇలాంటివి కెలకొద్దంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం:

అమ్మా, నీ ఉత్తరం చూసి సంతోషమేసింది. మీటరు సంగతి దగ్గరికి వచ్చేసరికి కాస్త టెన్షన్ కూడా పట్టుకుంది. దాని గురించి చివర్లో చెబుతాను.

నేను పర్లాకిమిడి, బరంపురం చుట్టుపక్కల హైస్కూళ్ళలో సోషల్ చెప్పి రిటైరైనవాణ్ణి. పాత కథలు, శాసనాలు పోగుచేసే పిచ్చి ఉద్యోగం కంటే ముందు నుంచీ ఉంది. ఎవరైనా ఒక వింత చెబితే నిజమా అబద్ధమా అని వెంటనే తగువు పెట్టుకోను. ఆ కథ వయసెంతో చూస్తాను. నీకెవరు చెప్పారు, వాళ్ళకెవరు చెప్పారు, అంతకుముందు ఎక్కడైనా రాసి ఉందా? ఇవి అడిగేసరికి సగం కథలు గాలికి పోతాయి. మిగతా సగంలోనే అసలు సరుకు ఉంటుంది. నువ్వు అడిగిన ఒక్కోదానికీ అలాగే వయసు కట్టి చూద్దాం.

జౌగడ బరంపురానికి సుమారు 35 కిలోమీటర్లు, పురుషోత్తంపూర్ దగ్గర, ఋషికుల్య ఒడ్డుకి చేరువలో ఉంది. మన పెద్దవాళ్ళు చెప్పే కథ నువ్వు వినే ఉంటావు. కోట గోడలన్నీ లక్క. నున్నగా జారిపోతుంటే శత్రువులు ఎక్కలేకపోయారు. చివరికి పాలమ్ముకునే గొల్లామె ఒకతె నోరుజారి గుట్టు చెప్పేసింది. శత్రువులు నిప్పుపెట్టారు, కోట కరిగిపోయింది. ఒడియాలో జౌ అంటే లక్క కాబట్టి మహాభారతంలోని లక్క ఇంటి కథ కూడా దీనికి వచ్చి అతుక్కుంది. పాండవులు తప్పించుకున్నది ఇక్కడి నుంచేనని కొందరు గట్టిగా చెబుతారు.

1956-57లో పురావస్తు శాఖ అక్కడ తవ్వింది. బయటపడ్డ కోటగోడ మట్టిది. పెద్ద మట్టికట్ట పోసి, దాదాపు నలుచదరంగా ఊరిని చుట్టేశారు. లక్క లేదు. ఈ ఒక్క ముక్క చెప్పి వీడియో ముగించేస్తే మాత్రం నువ్వు అసలు సంగతి వదిలేసినట్టే. గొల్లామె కథనే తీసుకో. దేశంలో చాలా కోటలకి ఇలా గుట్టు బయటపెట్టిన మనిషి ఒకరుంటారు. ఎక్కువసార్లు ఆడమనిషి, దాదాపు ప్రతిసారీ పేదమనిషి. రాజు ఎందుకు ఓడాడో చెప్పాల్సి వచ్చినప్పుడు నింద వేయడానికి పాలమ్ముకునే మనిషి కంటే సులువుగా ఇంకెవరు దొరుకుతారు? కోట ఎలా పోయిందో ఆ కథ వల్ల మనకు తెలియదు. దాన్ని చెప్పుకున్నవాళ్ళు నింద ఎవరి మీదికి నెట్టారో మాత్రం తెలుస్తుంది.

ఇక అక్కడి బండ సంగతి. క్రీ.పూ. 261 ప్రాంతంలో కళింగ యుద్ధం జరిగింది. తర్వాత కొన్నేళ్ళకే అశోకుడు ఆ బండ మీద శాసనాలు చెక్కించాడు. కాలక్రమంలో ఆ బ్రాహ్మీ లిపి చదవగలిగినవాళ్ళు లేకుండా పోయారు. వందల ఏళ్ళపాటు మన ముత్తాతలు ఆ బండ పక్కనుంచే నడిచారు. గీతలు కనిపించేవి, మాట వినిపించేది కాదు. లక్కకోట కథ పెరిగింది ఆ మౌనంలోనే అని నా అనుమానం. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఆ లిపి గుట్టు విప్పాడు. 1850లో మద్రాసు సివిల్ సర్వీసు అధికారి వాల్టర్ ఇలియట్ జౌగడ శాసనానికి నకలు తీయించాడు.

అందులో ఏముందో వింటే నువ్వు చేయబోయే వీడియోలకి అంతకంటే మంచి మొదలు ఉండదు. తొమ్మిదో శాసనంలో అశోకుడు మాట్లాడేది సరిగ్గా నీ టాపిక్ గురించే. జబ్బు చేసినప్పుడు, పెళ్ళిళ్ళప్పుడు, బిడ్డ పుట్టినప్పుడు, ప్రయాణం కట్టినప్పుడు జనం రకరకాల తంతులు చేస్తున్నారని, ముఖ్యంగా ఆడవాళ్ళు పనికిరాని తంతులు ఎన్నో చేస్తున్నారని అంటాడు. చేస్తే చేయండి గానీ ఫలితం తక్కువ, పనివాళ్ళని మర్యాదగా చూడటం, పెద్దల్ని గౌరవించడం లాంటివి ఎక్కువ ఫలితమిస్తాయి అని సలహా కూడా ఇస్తాడు. దిష్టి తీసే మనింటి ఆడవాళ్ళని చక్రవర్తే విసుక్కున్నాడన్నమాట! మగవాళ్ళ తంతులు ఆయన కంట ఎందుకు పడలేదో నాకు తెలియదు.

నాలుగో శాసనంలో ఇంకో విశేషం ఉంది. ప్రజలకి విమానాలు, ఏనుగులు, అగ్నిరాశులు, ఇతర దివ్యరూపాలు చూపించి ధర్మం వైపు తిప్పానని రాయించాడు. ఈ 'విమానం' అన్న మాట పట్టుకుని అశోకుడి దగ్గర ఎగిరే యంత్రాలు ఉండేవనే వీడియోలు బోలెడు తిరుగుతున్నాయి. పండితులు మాత్రం వీటిని ఊరేగింపులో చూపించిన దేవతా రథాలు, దీపాల ప్రదర్శనలు అని అర్థం చేసుకుంటారు. నువ్వు బరంపురం పిల్లవి, నీకు వేరే చెప్పాలా? బుఢీ ఠాకురాణి జాతరలో రథాలు, వేషాలు, దీపాల మధ్య జనం నోళ్ళు తెరుచుకుని నిలబడటం చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నావు. విమానాల ప్రసక్తి వచ్చింది కాబట్టి ఇంకొక మాట. ప్రాచీన గ్రంథమని ప్రచారంలో ఉన్న 'వైమానిక శాస్త్రం'ని 1974లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ నిపుణులు పరిశీలించారు. అది ఇరవయ్యో శతాబ్దపు రచనేనని, అందులో చెప్పిన యంత్రాలు ఎగరలేవని తేల్చారు.

అశోకుడి పేరుతోనే తిరిగే ఇంకో కథ తొమ్మిది మంది అజ్ఞాత పండితులది. యుద్ధం చూసి కుమిలిపోయిన చక్రవర్తి ప్రమాదకరమైన విద్యలన్నీ తొమ్మిది పుస్తకాల్లో రాయించి తొమ్మిది మందికి అప్పగించాడని, వాళ్ళ వారసులు ఇప్పటికీ ఉన్నారని చెబుతారు. వింటుంటే రెండు వేల ఏళ్ళ కథలా ఉంటుంది. నిజానికి దాని వయసు వందేళ్ళు. 1923లో వచ్చిన ఒక ఇంగ్లీషు సాహస నవల దానికి పుట్టిల్లు. 1960లో ఒక ఫ్రెంచి పుస్తకం దాన్ని ఎత్తుకుని ప్రపంచమంతా తిప్పింది. అక్కడి నుంచి మన ఫోన్లలోకి వచ్చింది. అశోకుడి శాసనాల్లో గానీ, బౌద్ధుల పాత కథల్లో గానీ ఆ తొమ్మిదిమంది ఊసు లేదు. లక్కకోట కథని మన ఊళ్ళవాళ్ళు అల్లారు, దాన్ని నేను గౌరవిస్తాను. ఈ తొమ్మిదిమంది కథ బయట తయారై మన పేరుతో మనకే తిరిగొచ్చింది. రెంటినీ ఒకే వీడియోలో కలిపి 'ప్రాచీన రహస్యాలు' అనకు.

జౌగడలో అసలు మిస్టరీ కావాలంటే ఒకటి ఉంది. కళింగ యుద్ధంలో లక్షమంది చనిపోయారని, లక్షన్నరమందిని పట్టుకుపోయారని, తాను పశ్చాత్తాపపడ్డానని అశోకుడు చెప్పుకున్న పదమూడో శాసనం ఇక్కడ లేదు. భువనేశ్వర్ దగ్గరి ధౌళి బండ మీదా లేదు. దేశంలో చాలాచోట్ల చెక్కించిన ఆ మాటని యుద్ధం జరిగిన కళింగలోనే వదిలేశాడు. దాని బదులు ఇక్కడ సమాపా, అంటే అప్పటి జౌగడ నగరపు అధికారులకి రాసిన ప్రత్యేక శాసనాలు ఉన్నాయి. 'మనుషులందరూ నా బిడ్డలే' అనే మాట వాటిలోదే. ఓడిపోయినవాళ్ళ ముందు ఆ లెక్కలు చదివించడం మంచిది కాదనుకుని ఉంటాడని చాలామంది చరిత్రకారులు అంటారు. కావచ్చు. బిడ్డల్ని పోగొట్టుకున్న ఊళ్ళో నిలబడి 'మీరంతా నా బిడ్డలు' అని చదివించడం నాకైతే ఏ దయ్యం కథ కంటే కూడా ఎక్కువ ఒళ్ళు జలదరింపజేస్తుంది.

ఇక మహేంద్రగిరి. గజపతి జిల్లాలో 1,501 మీటర్ల ఎత్తున్న కొండ. ముందు ఒక జాగ్రత్త చెబుతాను. తమిళనాట తిరునల్వేలి వైపు ఇంకో మహేంద్రగిరి ఉంది. ఇస్రో రాకెట్ ఇంజిన్లు పరీక్షించేది అక్కడ. రెండు కొండల ఫొటోలూ కథలూ కలిపేసిన వీడియోలు నేనే చూశాను. నువ్వు ఎత్తుకునే ప్రతి ఫొటో ఏ కొండదో చూసుకో.

పరశురాముడి కథకి వయసు బాగానే ఉంది. శివధనుర్భంగం తర్వాత రాముడి చేతిలో గర్వభంగమై పరశురాముడు మహేంద్ర పర్వతానికి వెళ్ళిపోయినట్టు వాల్మీకి బాలకాండలోనే ఉంది. కాళిదాసు రఘువంశంలో రఘువు మహేంద్రనాథుణ్ణి, అంటే కళింగరాజుని ఓడించి, సంపద పుచ్చుకుని నేల వదిలేశాడు. తూర్పు గాంగ రాజులు తమ తామ్రశాసనాల్లో మహేంద్రగిరి మీది గోకర్ణేశ్వరుణ్ణి తమ కులదైవంగా చెప్పుకున్నారు. రాజేంద్రచోళుడి విజయాన్ని చెప్పే శాసనాలు చోళుల పులి గుర్తుతో ఆ కొండ మీదే ఉన్నాయి. ఆ కొండ మీది గుళ్ళ పేర్లేమో భీముడివి, కుంతివి, ధర్మరాజువి. ఎవరు కట్టారో మరిచిపోయిన ప్రతి పాత రాతి కట్టడాన్నీ మనవాళ్ళు పాండవులకో రాక్షసులకో రాసిచ్చేస్తారు. తెలుగునాట వేల ఏళ్ళనాటి రాతి సమాధుల్ని కూడా రాక్షసగుళ్ళు, పాండవుల గుళ్ళు అనేవాళ్ళు. భీముడి గుడిలోని రాళ్ళ సైజు చూస్తే నీకూ అలాగే అనిపిస్తుంది. మోకులు, మీటకర్రలు, మట్టి ర్యాంపు, వందలమంది కూలీలు ఉంటే ఆ రాళ్ళు లేస్తాయి. ఆ కూలీల పేర్లు ఎవరూ రాయలేదు కాబట్టి మెప్పు భీముడికి పోయింది. చిరంజీవి పరశురాముడు ఇప్పటికీ అక్కడున్నాడా అంటే అది భక్తుల నమ్మకం. దాని జోలికి నేను పోను, నువ్వూ పోకు. శివరాత్రికి కొండెక్కే ముసలమ్మని కెమెరా ముందు నిలబెట్టి రుజువులడగడం వట్టి మొరటుతనం.

కొండ మీద దీపాల సంగతి వేరు. అవి కంటికి కనిపిస్తాయంటున్నారు, కాబట్టి పరీక్షించొచ్చు. నేను చాలామందిని అడిగి చూశాను. ముందు ఏ నెలలో చూశారో అడుగుతాను. మార్చి నుంచి మే దాకా అంటే కొండవాలు మీద పోడు కాలుస్తుంటారు. దూరం నుంచి ఆ మంట గీతలా పాకుతుంది, ఆరుతుంది, ఇంకోచోట అంటుకుంటుంది. శివరాత్రి ముందువెనుకలైతే కొండెక్కే జనం చేతుల్లోని లైట్లు. కొండ మీది సవర గిరిజనుల ఊళ్ళల్లో ఇప్పుడు కరెంటు, సోలారు లైట్లు కూడా ఉన్నాయి, మంచులో వాటి వెలుగు ఉబ్బి పెద్దదిగా కనిపిస్తుంది.

ఆ తర్వాత ఎక్కణ్ణుంచి చూశారో అడుగుతాను. కొండకి తూర్పున ఉన్న ఊళ్ళ నుంచి చూస్తే అది పడమర దిక్కున ఉంటుంది. సాయంత్రం చుక్కగా వచ్చిన శుక్రుడు దిగేది ఆ వైపే. దిగంతానికి దగ్గరైనకొద్దీ గాలి పొరల్లో పడి రంగులు మారుతూ కదులుతున్నట్టు కనిపిస్తాడు. దీన్ని తేల్చుకోవడం సులువు. ఫోన్ని స్టాండు మీద కదలకుండా పెట్టి అరగంట రికార్డు చెయ్. వెలుగు నెమ్మదిగా కిందికి జారి కొండ వెనక్కి పోతే అది గ్రహమో నక్షత్రమో. ఒకే వరుసలో పూసలు గుచ్చినట్టు సాగిపోతే స్టార్‌లింక్ ఉపగ్రహాలు. 2019 నుంచి ఇవి చాలామందిని కంగారుపెట్టాయి. మన ఒడిశాకి ప్రత్యేకంగా ఇంకోటి ఉంది. 2022 డిసెంబరు 15 రాత్రి కలాం దీవి నుంచి అగ్ని-5 క్షిపణిని పరీక్షించారు. ఆకాశంలో ఆ వెలుగు చూసి ఒడిశాలో, బెంగాల్లో చాలాచోట్ల జనం గ్రహాంతరవాసులనే అనుకున్నారు. ఎవరైనా తేదీ చెబితే ఆ రోజు పేపరు చూడు. సగంసార్లు సమాధానం అందులోనే ఉంటుంది.

ఇవన్నీ పోగా మిగిలేవి కూడా ఉంటాయి. పొలాల్లో, చిత్తడి నేలల్లో కనిపించే కొరివిదయ్యం అలాంటిదే. కుళ్ళిన చెత్త నుంచి వచ్చే మీథేన్ వంటి వాయువులు వెలుగుతాయని సాధారణంగా చెబుతారు. అది సరిపోయే చోట్లు ఉన్నాయి, సరిపోనివీ ఉన్నాయి. తేలనిదాన్ని తేలలేదనే వీడియోలో చెప్పు, చూసేవాళ్ళేమీ పారిపోరు.

కథల్ని జనమే అల్లుతారనుకోకు. రాజులూ అల్లించారు, పైగా రాగిరేకుల మీద రాయించారు. ఆరో శతాబ్దం నుంచి ఎనిమిదో శతాబ్దం దాకా ఇప్పటి గంజాం, ఖోర్ధా ప్రాంతాన్ని కొంగోద మండలంగా శైలోద్భవులు ఏలారు. గంజాంలో దొరికిన వాళ్ళ తామ్రశాసనం ఒకటి క్రీ.శ. 619-20 నాటిది. బుగుడలో దొరికిన శాసనంలో ఆ వంశం పుట్టుక కథ ఉంది. కళింగ జనంలో పేరున్న పులిందసేనుడికి రాజ్యం మీద ఆశ లేదు. ఈ నేలని ఏలగల మనిషిని ఇమ్మని స్వయంభువుని కొలిచాడు. బండ పగిలి ఒక పురుషుడు బయటికి వచ్చాడు, అతడే శైలోద్భవుడు. నా దృష్టిలో మన జిల్లా వింత కథలన్నింటిలో ఇది గొప్పది. తేదీ ఉంది, ఊరి పేరుంది, రాయించినవాళ్ళు ఎవరో తెలుసు. ఎందుకు రాయించారో కూడా ఊహించొచ్చు. పులిందులంటే అడవి జనం. వాళ్ళ మధ్య నుంచి పైకొచ్చిన వంశానికి పెద్ద క్షత్రియ వంశాల్లా సూర్యుడూ చంద్రుడూ తాతలుగా లేరు, అందుకని కొండనే తండ్రిని చేసుకున్నారు. ఈ ఊహ నాదొక్కడిదే కాదు, చాలామంది చరిత్రకారులది. దీని మీద తెలుగులో మంచి వీడియో ఒక్కటీ నా కంటపడలేదు. నువ్వే చెయ్.

మన సరిహద్దుకి అటూ ఇటూ ఇంకా తేలని ప్రశ్న దంతపురం. బుద్ధుడి దంతం కళింగ రాజధాని దంతపురంలో ఉండేదని, నాలుగో శతాబ్దంలో యుద్ధం ముంచుకొస్తే హేమమాల అనే రాకుమారి దాన్ని జడలో దాచుకుని భర్తతో కలిసి సింహళం చేర్చిందని అక్కడి బౌద్ధ కథలు చెబుతాయి. క్యాండీలో ఇవాళ పూజలందుకునేది ఆ దంతమేనంటారు. మరి దంతపురం ఎక్కడ? శ్రీకాకుళం జిల్లా దంతవరపుకోట అని కొందరు, పూరీ అని కొందరు అన్నారు. ఫ్రెంచి పండితుడు సిల్వాఁ లెవీ, పాతకాలపు గ్రీకు భూగోళ రచయిత టాలమీ రాసిన పలూరా రేవూ దంతపురమూ ఒకటేనన్నాడు. ఆ పలూరా మన గంజాంలో చిలికా దక్షిణపు కొసనున్న పాలూరేనని చాలామంది మాట. మూడు చోట్లకీ రైల్లోనో బస్సులోనో పోయి రావొచ్చు. దీపాల వెంట పరుగెత్తడం కంటే ఇందులో వెతకడానికి చాలా ఉంది.

నీ ఫ్రెండు విషయం. ఆమెకి జరిగింది కల్పన కాదు, అలా అని దయ్యమూ కాదు. కలలొచ్చే నిద్రలో ఒళ్ళు కదలకుండా మెదడు కండరాల్ని ఆపి ఉంచుతుంది. ఒక్కోసారి మెలకువ ముందొచ్చి, ఆ పట్టు తర్వాత వదులుతుంది. ఆ కొద్దిసేపట్లో ఊపిరి బరువుగా, గదిలో ఎవరో ఉన్నట్టుగా అనిపిస్తుంది. దీన్ని స్లీప్ పెరాలసిస్ అంటారు. పరీక్షల ముందు నిద్ర చెడినవాళ్ళకి, వెల్లకిలా పడుకునేవాళ్ళకి ఎక్కువగా వస్తుంది. పక్కకి తిరిగి పడుకోమను, వేళకి నిద్రపొమ్మను. మాటిమాటికీ వస్తుంటే డాక్టరుకి చూపించమను. హాస్టల్ గది మార్చేసి, ఆ గదికి పేరుపెట్టి, తర్వాత వచ్చే పిల్లల్ని బెదరగొట్టకండి.

నిధుల గురించి అడిగావు. ఇక్కడ నేను సరదాగా మాట్లాడలేను. గుప్తనిధి కథలు మన వైపు ఎన్ని గుళ్ళని పాడుచేశాయో చెప్పలేను. లింగం కింద, నంది పొట్టలో, ధ్వజస్తంభం మొదట్లో నిధి ఉందని అర్ధరాత్రి గడ్డపార దించుతారు. తెల్లారేసరికి అక్కడ మిగిలేది పగిలిన విగ్రహం, నిమ్మకాయలు, కోడి ఈకలు. నిధికి పాము కాపలా ఉంటుందని, నాగబంధం వేసి ఉంటుందని చెబుతారు కదా. 2024 జులై 14న పూరీ జగన్నాథుడి రత్నభండారం తెరిచినప్పుడు పాములు పట్టేవాళ్ళని సిద్ధంగా నిలబెట్టారు. పాములేమీ బయటికి రాలేదు.

చట్టం కూడా తెలుసుకో. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దాగి ఉన్న పది రూపాయలకి మించిన విలువైన వస్తువేదైనా దొరికితే కలెక్టరుకి తెలియజేయాలి. దాచుకుంటే శిక్ష ఉంది. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడానికి వంద మీటర్ల లోపు తవ్వకాలు నిషేధం. ఇంకో ప్రమాదం గురించి ఎవరూ చెప్పరు. పాడుబడ్డ బావులు, నేలమాళిగల అడుగున గాలిలో ప్రాణవాయువు ఉండకపోవచ్చు. దిగినవాడు పడిపోతాడు, వాణ్ణి తీయడానికి దిగినవాడూ పడిపోతాడు. ఊళ్ళో బావి బలి తీసుకుందంటారు. మీ అన్నయ్య ఎంత ధైర్యవంతుడైనా సరే, పాత బావిలోకి, మూసుకుపోయిన సొరంగంలోకి తల కూడా పెట్టనివ్వకు.

మీ మామయ్య కెలకొద్దన్నది వట్టి చాదస్తమని నేననుకోను. ఈ కథల్లో కొన్ని మనుషుల్ని చంపుతాయి. చేతబడి, చిల్లంగి పేరు చెప్పి ఒంటరి ముసలిదాన్ని, భూమి తగాదాలో ఉన్న విధవరాలిని కొట్టి ఊళ్ళోంచి తరిమిన సంఘటనలు మన కొండ ప్రాంతాల్లో పాతకాలపు ముచ్చట్లేమీ కాదు. అందుకే 2013లో ఒడిశా మంత్రగత్తె వేధింపుల నివారణ చట్టం చేసింది. ఒక ఆడమనిషిని మంత్రగత్తె అని ముద్రవేయడమే నేరం. అదే ఏడాది మహారాష్ట్రలో మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దాభోల్కర్ హత్య తర్వాత చేతబడి, నరబలుల మీద చట్టం వచ్చింది. నువ్వు ఊళ్ళోకి కెమెరాతో వెళ్ళి 'ఇక్కడ చిల్లంగి ఎవరు చేస్తారు?' అని సరదాగా అడిగితే, ఎవరో ఒకరి ఇంటి వైపు వేలు చూపిస్తారు. వీడియో అప్‌లోడ్ చేసి నువ్వు ఇంటికెళ్ళిపోతావు, ఆమె ఆ ఊళ్ళోనే బతకాలి.

పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాల పుకార్లూ ఈ జాతివే. కొత్త వంతెన కడుతుంటే పునాదిలో పిల్లల్ని బలిస్తారని మా చిన్నప్పుడు భయపెట్టేవాళ్ళు. మన జిల్లాల్లో ఆ భయానికి పాత జ్ఞాపకం కూడా ఒకటి తోడై ఉంటుంది. ఘుంసర్ కొండల్లో ఖోండు గిరిజనుల మెరియా అనే నరబలుల గురించి 1830ల నుంచి బ్రిటిష్ అధికారులు రాశారు. 1845లో దాన్ని ఆపడానికి మెరియా ఏజెన్సీ అని ప్రత్యేక విభాగమే పెట్టారు. వాళ్ళు రాసినదాంట్లో ఎంత నిజం, కొండల్లోకి సైన్యాన్ని పంపడానికి ఎంత సాకు అన్నది చరిత్రకారులు ఇప్పటికీ తేల్చుకోలేదు. ఎప్పుడో ఆగిపోయిన ఆ తంతు పేరుతో ఇప్పటి కొండవాళ్ళని అనుమానంగా చూపించే వీడియోలు వస్తున్నాయి, అది అన్యాయం. 2018లో పిల్లల దొంగల పుకార్లతో దేశంలో చాలాచోట్ల అమాయకుల్ని కొట్టి చంపాక, ఒక మెసేజ్ ఒకేసారి అయిదు చాట్‌లకి మించి ఫార్వర్డ్ కాకుండా వాట్సాప్ కట్టడి పెట్టాల్సి వచ్చింది.

ఇప్పుడు మీ అన్నయ్య మీటరు. అది విద్యుదయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం. గోడలో వైరుంటే మోగుతుంది, జేబులో ఫోన్ సిగ్నల్ వెతుక్కున్నా మోగుతుంది. ఇంట్లో ఫ్రిజ్ దగ్గర పెట్టి చూడమను, అంతకంటే పెద్ద దయ్యం కోటలో దొరకదు. రాత్రిపూట పాడు కోటలో ఉండేవి పాములు, తేళ్ళు, మందు పార్టీలు, కూలడానికి సిద్ధంగా ఉన్న కప్పులు. నేను రాత్రి వెళ్ళొద్దనేది వీటివల్లే. పగలు, అందులోనూ పొద్దున్నే వెళ్ళండి. ఎండ ఏటవాలుగా పడే వేళ శాసనం అక్షరాలు బాగా కనిపిస్తాయి. బండని తాకొద్దు, సుద్ద పూయొద్దు, నీళ్ళు పోయొద్దు.

వీడియో ఎలా తీయాలంటే, ప్రతి కథకీ చెప్పినవాళ్ళ ఊరు, సుమారు వయసు, ఏ భాషలో చెప్పారన్నది రాసుకో. పేరు వాళ్ళు ఒప్పుకుంటేనే వేయి. మన దగ్గర ఒకే కథ తెలుగులో ఒకలా, ఒడియాలో ఒకలా, సవరలో ఇంకోలా ఉంటుంది. ఎక్కడ మారిందో పట్టుకుంటే ఏ మార్పు కొత్తదో తెలుస్తుంది. 1882లో మద్రాసు ప్రభుత్వం అచ్చేసిన గంజాం జిల్లా మాన్యువల్ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఆ కథ అందులో ఉందేమో చూడు. ఉంటే దానికి కనీసం నూటనలభై ఏళ్ళున్నట్టు. లేనంత మాత్రాన కొత్తదని కాదు, ఆ పుస్తకం రాసిన దొరకి ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు. శాసనాల పాఠాలు, వాటిని అచ్చేసే పురావస్తు శాఖ పత్రిక ఎపిగ్రాఫియా ఇండికా పాత సంపుటాల్లో ఉంటాయి. సంస్కృతం, ప్రాకృతం రావని భయపడకు, చాలావాటికి ఇంగ్లీషు అనువాదం పక్కనే ఉంటుంది.

ఒక్క విషయంలో మాత్రం ఖచ్చితంగా ఉండు. వీడియో కింద 'లొకేషన్ పెట్టండి' అని వందమంది అడుగుతారు. జౌగడ, మహేంద్రగిరి అయితే పెట్టు, వాటి గురించి అందరికీ తెలుసు. ఊరి చివర తుప్పల్లో ఉన్న పాడు గుడి, పొలంగట్టు మీది వీరగల్లు (చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి), ఎవరూ పట్టించుకోని రాతిపలక లాంటివి కనిపిస్తే ఊరి పేరు చెప్పకు, దారి చూపించకు, ఫోన్లో లొకేషన్ ఆపేసి ఫొటో తియ్. ఆ ఫొటో జిల్లా మ్యూజియం వాళ్ళకో, పురావస్తు శాఖకో పంపు. గడ్డపారలు పట్టుకుని తిరిగేవాళ్ళు కూడా ఇప్పుడు యూట్యూబ్ చూసే బయల్దేరుతున్నారు.